“ఎన్నో రోజు?”: జ్వరం వచ్చిన ఇంట్లో కాగితం ఎలా రాసుకోవాలి

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో సగం విజయవాడ–గుంటూరు రూట్లోనే గడిచింది. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు రాకముందు మా చేతిలో ఎస్సార్ అని ఒక షీటుండేది. వారధి, మంగళగిరి, చినకాకాని, కాజ, నాగార్జున యూనివర్సిటీ, పెదకాకాని... స్టేజీ దాటేలోపు ఏ రేటు టికెట్టు ఏ నంబరు దాకా చింపామో అందులో రాసి తీరాలి. రాయకుండా దాటామా, చెకింగ్ వాళ్ళు ఎక్కితే ఎంత మొత్తుకున్నా వినరు. “నోటితో చెప్పకు, షీటు చూపించు” అంటారు.

కోవిడ్ రోజుల్లో డాక్టర్ల దగ్గరా నాకు అదే జరిగింది. అప్పట్నుంచి విజయవాడలో మా సింగ్‌నగర్‌లో తెలిసినవాళ్ళింట్లో జ్వరమంటే ముందు ఒక తెల్లకాగితం పట్టుకెళ్ళి ఇస్తున్నాను. దాని మీద ఏం రాయాలో, టెస్టు ఎప్పుడు చేయించాలో, ఫోన్లో డాక్టరు దొరికిన ఒక్క నిమిషంలో ఏం చెప్పాలో రాయమని మా అమ్మాయి పోరుతోంది. నేను డాక్టర్ని కాను. మందుల జోలికి పోను, జ్వరం బిళ్ళ గురించి తప్ప.

ముందు నా తప్పు చెప్తాను.

2021 మే 5న మధ్యాహ్నం కర్ఫ్యూ మొదలైంది. పొద్దున 6 నుంచి 12 దాకానే కొట్లు. మర్నాడు మా ఆవిడ ఆవకాయ కలుపుతూ, “ఏవండీ, మిల్లువాడు పాత ఆవాలు ఆడినట్టున్నాడు, ఘాటే లేదు” అంది. నేను గిన్నె మీదికి వంగితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ఇద్దరికీ వెలగలేదు. దానికి రెండు రోజుల ముందు, మంగళవారం రాత్రి, ఒళ్ళు నొప్పులని పడుకుంది. కాస్త వెచ్చగా కూడా ఉంది. కాయలు కొట్టి అలసిపోయిందనుకున్నాం. శుక్రవారం శాంపిల్ ఇచ్చాం, సోమవారం పాజిటివ్ అని మెసేజ్ వచ్చింది. బుధవారానికి మెట్లెక్కితే ఆయాసం.

మూడు నంబర్లకు చేశాను. ఒకటి స్విచాఫ్. ఇంకోటి కాంపౌండరు ఎత్తి సాయంత్రం చేయమన్నాడు. మూడో ఆయన ఎత్తారు. వెనకాల ఇంకో రెండు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

“మా ఆవిడకి పాజిటివ్ అండీ, మూడో రోజు. కొంచెం ఆయాసంగా ఉందంటోంది...”

“మూడో రోజుకే ఆయాసమా? అసలు నలత ఎప్పుడు మొదలైంది?”

“మంగళవారం ఒళ్ళు నొప్పులన్నదండీ.”

“ఏ మంగళవారం? నిన్ననా, పోయిన వారమా?”

“పోయిన వారమండీ.”

“అయితే ఇవాళ తొమ్మిదో రోజు. మూడో రోజంటారేమిటి! ఆక్సిజన్ ఎంత?”

“93 అండీ.”

“నిన్న?”

నిన్న చూళ్ళేదు. జ్వరం తగ్గిందిగా అని, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరు సొరుగులో పెట్టేశాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, “బెడ్డు చూసుకోండి. సాయంత్రం దాకా ఆగొద్దు” అని పెట్టేశారు. రిపోర్టు వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాను నేను. ఇరవై ఏళ్ళు స్టేజీలు రాసినవాణ్ణి, బస్సు ఎక్కడ బయల్దేరిందో రాయలేదు.

ఆ లెక్క ఎందుకంత ముఖ్యమో తర్వాత ఆసుపత్రిలో ఒక హౌస్ సర్జన్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మొదటి వారం వైరస్ పెరుగుతుంది: జ్వరం, ఒళ్ళు నొప్పులు, దగ్గు. చాలామందికి అక్కడితో ఆగిపోతుంది. కొందరికి జ్వరం తగ్గాక, అయిదో రోజుకీ పదో రోజుకీ మధ్య, ఒంటి రక్షణ వ్యవస్థే రెచ్చిపోయి ఊపిరితిత్తుల్ని వాయిస్తుంది. అప్పుడే ఆక్సిజన్ జారుతుంది. మనిషి బాగానే మాట్లాడుతూ ఉండొచ్చు, టిఫిను కూడా తినొచ్చు. అందుకే రెండో రోజు 96కీ, తొమ్మిదో రోజు 96 నుంచి 94కి దిగడానికీ చాలా తేడా ఉంది. స్టెరాయిడ్లకీ ఇదే లెక్క. 2020లో బ్రిటన్‌లో రికవరీ అనే పేరుతో జరిగిన మందుల పరీక్షలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవాళ్ళ ప్రాణాలు కాపాడింది, ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మేలేమీ చేయలేదు. మనవాళ్ళు మాత్రం వాట్సప్‌లో తిరిగిన చీటీ చూసి రెండో రోజు నుంచే వేసుకున్నారు. షుగర్లు పెరిగాయి, ఆ మే నెలలోనే బ్లాక్ ఫంగస్ మాట ఇంటింటా వినపడింది.

సరే, కాగితం. పైన పేరు, వయసు, బరువు. దాని కింద షుగరు, బీపీ, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బుల్లో ఏవున్నాయో, రోజూ వేసుకునే మాత్రలేవో, ఏ మందు పడదో రాయండి. టీకా ఎప్పుడు వేయించుకున్నారో కూడా. మాత్రల పేరు నోరు తిరక్కపోతే అట్ట చూసి అక్షరం అక్షరం ఎక్కించండి. “తెల్ల బిళ్ళ, పొద్దున సగం” అంటే ఏ డాక్టరుకీ అర్థం కాదు.

తర్వాత మొదటి రోజు తేల్చాలి. ఇక్కడే అందరూ తప్పుతారు. జ్వరం ఎప్పుడొచ్చింది అని అడక్కండి. “మామూలుగా లేననిపించింది ఎప్పుడు?” అని అడగండి. గొంతు గరగర, నడుము లాగడం, నోరు చేదు, కాఫీ రుచించకపోవడం, ఏదైనా సరే. గుర్తు రాకపోతే ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో తవ్వండి. మా ఆవిడకి మంగళవారం గుర్తొచ్చింది కాయలు కొట్టిన రోజు కాబట్టే. ఆ తారీఖు పక్కన 1 వేసి కింద 2, 3, 4 అని 14 దాకా ముందే వేసిపెట్టండి. టెస్టు ఎప్పుడిచ్చినా, రిపోర్టు ఎప్పుడొచ్చినా ఈ అంకెలు మారవు.

రోజుకు మూడు పూటలు రాయండి: జ్వరం, ఆక్సిజన్, నాడి. ఏ మాత్ర ఎన్నింటికి వేశారో, తిండి, మూత్రం సరిగా ఉన్నాయో లేదో. జ్వరం ఎంతుందో డిగ్రీల్లో రాయాలి. “ఒళ్ళు కాలిపోతోంది” అంటే ఒకరికి 99, ఇంకొకరికి 103. మాత్ర వేసిన గంటకు చూసి “జ్వరం లేదు” అని రాస్తే అది మాత్ర గొప్ప. మళ్ళీ వేసేముందు చూసి రాయండి. పెద్దవాళ్ళకు పారాసిటమాల్ 650 ఒకటి వేశాక ఇంకోటి వేయడానికి 6 గంటలు ఆగాలి, రోజుకు 4 దాటకూడదు. లివరు జబ్బుంటే అదీ డాక్టర్ని అడిగాకే. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసుంటుంది, అట్ట చదవండి.

ఆక్సీమీటరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మా పై వాటా అబ్బాయి ఒక రాత్రి పదకొండింటికి తలుపు బాదాడు. “బాబాయ్ గారూ, అమ్మకి ఆక్సిజన్ 86!” పరిగెత్తుకెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని సీరియల్ చూస్తోంది. వీడు ఎదురుగా నిలబడి చూశాడు, ఆ మిషన్లో 98ని తలకిందులుగా చూస్తే 86 లాగే ఉంటుంది. వేలు ఎవరిదో ఆ వైపు నుంచే చదవాలి. రెండంకెలు కనబడతాయి, ఒకటి ఆక్సిజన్, ఇంకోటి నాడి. 78 చూసి గుండె ఆగినంత పనైనవాళ్ళూ ఉన్నారు, అది నాడి. పక్కన ఏం రాసుందో చూసుకోండి.

అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక పెట్టండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేయండి. గోళ్ళరంగు, గోరింటాకు ఉన్న వేలు వద్దు. పెట్టగానే కనబడే అంకె రాయొద్దు, అది నిలకడకొచ్చేదాకా ఒక నిమిషం ఆగండి. అనుమానముంటే ఇంకో వేలికి, తర్వాత మీ వేలికి పెట్టి చూసుకోండి. చామనఛాయ, నలుపు ఒళ్ళున్నవాళ్ళకు ఈ మిషన్లు ఒకటి రెండు ఎక్కువే చూపించొచ్చు, కాబట్టి 94ని చూసి మురిసిపోవద్దు. 95, ఆ పైన ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. 94కి వస్తే ఆ పూటే డాక్టరుతో మాట్లాడాలి. 93, ఆ కింద నిలబడితే ఆసుపత్రి. ముందు నుంచే ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకు ఈ అంకెలు వేరు, వాళ్ళ డాక్టరు చెప్పిందే లెక్క.

అయిదో రోజు దాటాక నడక పరీక్ష కూడా చేయండి. కూర్చున్నప్పుడు ఎంతుందో రాసి, ఇంట్లోనే 6 నిమిషాలు మామూలు నడక నడిపించి, మళ్ళీ పెట్టండి. పెద్దవయసు వాళ్ళకు 3 నిమిషాలు చాలు. 93 కిందికి పోయినా, మొదటి అంకె కంటే 3 తగ్గినా ఊపిరితిత్తుల్లో ఏదో జరుగుతున్నట్టే. కూర్చున్నప్పుడే ఆయాసపడే మనిషిని మాత్రం నడిపించొద్దు.

మిషన్ లేకపోతే? నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టండి. “ఊపిరి లెక్కపెడుతున్నా” అని చెప్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, కళ్ళు ఛాతీ మీద పెట్టండి. పెద్దవాళ్ళకు 24 దాటితే ఇక ఇంట్లో ఉంచొద్దు.

టెస్టు సంగతి. నేను మొదటిసారి టెస్టు ఇచ్చింది 2020లో, మా ఆర్టీసీ బస్సులోనే. ఇంద్ర బస్సుల్ని మార్చి సంజీవని అని పేరు పెట్టారు. నేను బెల్లు కొట్టాల్సిన బండిలో ముక్కులో పుల్ల పెట్టించుకుని దిగాను. టికెట్టు లేదు. ఆ బస్సులు ఇప్పుడు లేవు, ల్యాబులో చేసే ఆర్టీపీసీఆర్ టెస్టు కావాలంటే పెద్దాసుపత్రో, ప్రైవేటు ల్యాబో. మొదటి రోజే పరిగెత్తితే వైరస్ దొరక్కపోవచ్చు, మూడో రోజు ప్రాంతం మంచిది. మనిషి నలతగా ఉన్నప్పుడు నెగెటివ్ వచ్చిందంటే “కోవిడ్ కాదు” అని కాదు, “ఆ రోజు ఆ పుల్లకి దొరకలేదు” అని. 2022 జనవరిలో ఒమిక్రాన్ అప్పుడు నాకు గొంతులో బ్లేడు పెట్టినట్టుంది. ఇంటి కిట్టులో మొదటి రోజు ఒకటే గీత, నెగెటివ్. మూడో రోజు రెండో గీత వెలిసింది. ఆ మధ్య రెండు రోజులూ మాస్కు తీసేసి మనవడితో క్యారమ్స్ ఆడి ఉంటే నా పని అయ్యేది, మా ఆవిడ ఆడనివ్వలేదు.

ఇంటి కిట్టు వాడేటప్పుడు కాగితం చదవండి, ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. డబ్బా మీద ఎక్స్‌పైరీ చూడండి. రెండు ముక్కుల్లోనూ తిప్పాలి, ఒకదాంట్లో పెట్టి అయిందనుకోవద్దు. చెప్పినన్ని చుక్కలే వేయాలి. 15 నిమిషాలంటే ఫోన్లో అలారం పెట్టుకోండి, గంట తర్వాత చూసిన గీతకి విలువ లేదు. సీ దగ్గర గీత రాకపోతే ఆ కిట్టు పారేయడమే. పాజిటివ్ వస్తే పాజిటివే. నెగెటివ్ వచ్చి లక్షణాలు సాగుతుంటే ఆర్టీపీసీఆర్. ల్యాబులో మీ ఫోను నంబరు మీరే చదివి సరిచూసుకోండి, ఒక్క అంకె పోతే మెసేజ్ ఎవరికో పోతుంది. రిపోర్టులో సీటీ వేల్యూ అని ఒకటుంటుంది. అది తక్కువుంటే వైరస్ ఎక్కువ దొరికిందని, అంతే. జబ్బు ముదిరిందని కాదు.

స్కానింగ్ సీటీ వేరు. గుంటూరులో మా బావ బ్రాడీపేటలో ఉంటాడు, మా అక్క మొగుడు. రెండో రోజే స్కాన్ తీయించుకుని, “ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయిరా” అని ఫోను చేశాడు. రెండో రోజు అద్దంలా కాక ఎలా ఉంటాయి? ఆ ధీమాతో ఆక్సీమీటరు కొనలేదు. ఎనిమిదో రోజు పడిపోయాడు, పది రోజులు ఆసుపత్రిలో ఉండి షుగరుతో ఇంటికొచ్చాడు. తేలిక లక్షణాలున్నవాళ్ళకు సీటీ అక్కర్లేదని అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు రణదీప్ గులేరియా 2021 మే మొదట్లోనే చెప్పారు. మా బావ విన్నాడు కూడా. “ఆయన ఢిల్లీ వాళ్ళకి చెప్పాడు” అన్నాడు.

డాక్టరుతో ఫోను. కాగితం ముందు పెట్టుకుని, పేపరు చదివినట్టు చదివేయండి. నమస్కారం, ఫలానా వారి ద్వారా చేస్తున్నాం, మా తోడల్లుడు మీకు తెలుసు, ఇవన్నీ అక్కర్లేదు. నేను ఇలా రాసిస్తున్నాను:

“డాక్టరుగారూ, ఆడమనిషి, 58 ఏళ్ళు, షుగరుంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఇవాళ తొమ్మిదో రోజు. నాలుగో రోజు శాంపిల్, పాజిటివ్. జ్వరం ఏడో రోజు తగ్గింది. ఆక్సిజన్ మొన్న 97, నిన్న 95, ఇవాళ 93. ఊపిరి నిమిషానికి 24. జ్వరం బిళ్ళ తప్ప ఏం వేయలేదు. ఇంట్లో ఉంచొచ్చా, తీసుకురావాలా?”

చదవడానికి అర నిమిషం పట్టదు. చివర్లో ప్రశ్న ఒకటే ఉండాలి, “ఏం చేయమంటారు” అని వదిలేయకుండా. ఆయన చెప్పింది ఆ కాగితం మీదే రాసి, తిరిగి చదివి వినిపించండి. “రోజుకి రెండు, అయిదు రోజులు, తిన్నాక, అంతేనా అండీ?” ఎత్తకపోతే ఇదే మెసేజ్ పెట్టండి. రాతలో ఉంటే ఓపీ మధ్యలోనైనా చూస్తారు. ఎవరూ దొరక్కపోతే ఈ-సంజీవని యాప్‌లో ప్రభుత్వ డాక్టర్లు ఫోన్లోనే వీడియోలో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఆధారు, పాత చీటీల ఫొటోలు ముందే తీసిపెట్టుకోండి. మీ వార్డు ఏఎన్ఎం (నర్సమ్మ) నంబరు కూడా ఇంట్లో జ్వరం లేనప్పుడే రాసిపెట్టుకోండి.

104, 108 తేడా చాలామందికి తెలియదు. సలహాకి, వివరాలకి 104. అంబులెన్సుకి 108. 2020 జులై 1న బెంజ్ సర్కిల్లో 1,088 బండ్లు వరసగా నిలబెట్టి ప్రారంభిస్తే డ్యూటీ లేని రోజని చూడ్డానికెళ్ళాను, బస్సుల మనిషిని కదా. 2021 మే 12న, మా ఆవిడకి ఆయాసమొచ్చిన రోజు, నేను చేసింది 104కే. వివరాలడిగారు, ఈసారి కాగితం చూసి చెప్పాను. తెల్లవారుజామున బెడ్డు దొరికింది. ఆ రాత్రంతా హౌస్ సర్జన్లు చెప్పే బోర్లా పడుకునే పద్ధతే దిక్కైంది: మెడ కింద ఒక దిండు, ఛాతీ కింద ఒకటి రెండు, కాళ్ళ కింద రెండు. 93 కాస్తా 95కి ఎక్కింది. అది బెడ్డు దొరికేదాకా ఆపుకోవడానికే, ఆసుపత్రికి బదులు కాదు. తిన్న వెంటనే చేయించొద్దు, గర్భిణులకీ, గుండె జబ్బు బాగా ఉన్నవాళ్ళకీ వద్దు.

కాగితం, డాక్టరుకి ఫోను, అన్నీ పక్కన పడేసి 108కి చేయాల్సినవీ ఉన్నాయి. ఒక్క ఊపిరిలో ఒక వాక్యం పూర్తి చేయలేకపోవడం, ఛాతీలో నొప్పి, పట్టేసినట్టుండడం, పెదాలు నీలబడడం, తడబడే మాటలు, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. వీటికి ఎన్నో రోజని లెక్క లేదు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కాగితం ఫొటో తీసుకుని అసలుది సంచిలో పెట్టండి, ఆధారు, ఆరోగ్యశ్రీ కార్డు (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు), ఫోను ఛార్జరు, కళ్ళజోడు కూడా. కళ్ళజోడు మర్చిపోయి మా ఆవిడ ఎనిమిది రోజులు ఫోన్లో ఎవరు చేస్తున్నారో చదవలేకపోయింది.

ఫొటో తీయమని ఎందుకంటున్నానంటే, 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు అసలు కాగితాలన్నీ నీళ్ళపాలయ్యాయి. ఇప్పుడు నేను రాస్తున్న అంకెలన్నీ ఫోన్లోవే. నీళ్ళు తీశాక మా వీధిలో ఇంటికొక జ్వరం. అదే కాగితం పద్ధతి అప్పుడూ పనికొచ్చింది, ఎందుకంటే డెంగీ టెస్టుకీ రోజుల లెక్కే కావాలి. ఎన్ఎస్1 అనే పరీక్ష మొదటి అయిదు రోజుల్లోనే బాగా పట్టిస్తుంది, తర్వాతైతే యాంటీబాడీలు చూడాలి. డెంగీలోనూ జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త పడాల్సిన రోజు: కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళలో రక్తం. అందుకే జ్వరం ఏదో తేలేదాకా ఒళ్ళు నొప్పులకి బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మీ అంతట మీరు వేసుకోవద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. సందు చివర ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షను చేయించుకుంటే అది ఏ మందో సీసా చూసి కాగితం మీదికి ఎక్కించండి. ఆయన విసుక్కుంటాడు. ఎక్కించండి.

14 అంకెలు నిండాక కాగితం మూసేయొద్దు. స్టెరాయిడ్లు వాడినవాళ్ళయితే షుగరు ఎంతుందో ఇంకో నెల రాయాలి. ముఖం ఒకవైపు నొప్పి, ముక్కు నుంచి నల్లగా రావడం, కన్ను వాయడం లాంటి బ్లాక్ ఫంగస్ గుర్తులు కనబడితే ఆ రోజే చెవి ముక్కు గొంతు డాక్టరు. నీరసం, ఆయాసం, వాసన, ఏవి తిరిగొచ్చాయో ఏవి రాలేదో వారానికోసారి రాస్తే చాలు.

ఇంటికొచ్చాక ఆ రాత పని మా ఆవిడే తీసుకుంది. 31వ అంకె పక్కన ఆవిడ చేత్తో ఒకే ముక్క ఉంది: “పాలు మాడిన వాసన.” ఆ రోజు వంటింట్లో గిన్నె మాడ్చింది నేను. ఆ ఏడాది ఆవకాయలో ఉప్పు రెండింతలు పడింది, కలిపినప్పుడు ఆవిడకి రుచి తెలియలేదుగా. జాడీ ఖాళీ అయ్యేదాకా తిన్నాం.